50 ప్రతులున్న బొమ్మ ఒరిజినల్ ఎలా అవుతుంది?

ఒట్టావాలో మీకు నచ్చిన ఇన్యూట్ (ఉత్తర ధ్రువ ప్రాంతపు ఆదివాసుల) ప్రింట్ కింద 17/50 అని ఉంది, ఇంకా 49 ఉండగా ఇది ఒరిజినల్ ఎలా అవుతుంది, అంత డబ్బు పెట్టొచ్చా అని అడిగారు. డబ్బు సంగతి మీ ఇష్టం. ఒరిజినల్ సంగతి మాత్రం నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నదే.

కెనడా వచ్చిన కొత్తలో ఓ టూరిస్టు షాపులో ఫ్రేము కట్టిన గుడ్లగూబ బొమ్మ కొన్నాను. కెనోజువాక్ ఆషెవాక్ అనే ఇన్యూట్ చిత్రకారిణి గీసింది. ఆవిడ 1960 నాటి గుడ్లగూబ ఒకటి 1970లో తపాలా బిళ్ల మీదకి కూడా ఎక్కింది, ఆ పేరు విని పొంగిపోయాను. ఇంటికొచ్చాక మావాడు భూతద్దం పెట్టి, "నాన్నా, అన్నీ చుక్కలే" అన్నాడు. వారపత్రికలో ఫొటోకి ఉండే చుక్కలు. అది పోస్టరు! షాపతను 'ప్రింట్' అనే అమ్మాడు, అబద్ధమూ కాదు.

అసలువి కెనడా ఉత్తరాన ఉన్న బాఫిన్ దీవికి దక్షిణాన కిన్‌గైట్ అనే ఊళ్లో తయారవుతాయి. 2020 దాకా దాన్ని కేప్ డోర్సెట్ అనేవారు. అక్కడి సహకార సంఘం 1959 నుంచి ప్రింట్లు తెస్తోంది. ఒకరు బొమ్మ గీస్తే ఇంకొకరు దాన్ని రాతి పలక మీద చెక్కుతారు. రాతికి రోలరుతో రంగు పూసి, పల్చటి జపాన్ కాగితం పరిచి, వెనకనుంచి చేత్తో రుద్దుతారు. మా అమ్మమ్మగారి ఊరు పెడనలో అచ్చు చేతిలో ఉంటుంది, దాన్ని గుడ్డ మీద అద్దుతారు. ఇక్కడ రాయి కదలదు, కాగితమే దాని దగ్గరికి వస్తుంది. మామూలుగా 50 తీశాక రాతిని అరగదీసేస్తారు. ఇక దేనికి కాపీ అంటారు? ముందు గీసింది నమూనా మాత్రమే. ఆ యాభైలో ప్రతిదీ ఒరిజినలే.

జంతువుల బొమ్మలే కావాలంటే నా ఓటు కిన్‌గైట్ కళాకారుడు కనంగినాక్ పుటూగుక్‌కి (1935–2010). కెనోజువాక్ గుడ్లగూబ ఈకలు సూర్యకిరణాల్లా విచ్చుకుంటాయి, అందం కోసం. ఈయన వేటగాడు, మొదటితరం రాతి చెక్కుడువాళ్లలో ఒకడు. ఈయన మస్కాక్స్ (పేరుకే ఎద్దు, నిజానికి గొర్రెకి చుట్టం) ముందు నిలబడితే జూలు గిట్టలదాకా ఎలా వేలాడుతుందో, మెడ బరువు ఎక్కడ పడుతుందో తెలుస్తుంది. దాన్ని వెంటాడినవాడి చూపు అది. జంతువులతో ఆగలేదు కూడా. 1992లో ఆయన వేసిన 'మొదటి టూరిస్టు' అనే ప్రింట్‌లో ఒకాయన కెమెరా పట్టుకుని ఇన్యూట్ స్త్రీని ఫొటో తీస్తుంటాడు. అది చూసి నవ్వొచ్చింది, మరుక్షణం నా ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను.

కొనేముందు ఫ్రేము విప్పి చూపించమనండి. మొహమాటపడకండి. కింద పెన్సిల్‌తో పేరు, సంఖ్య, సంవత్సరం ఉండాలి. కిన్‌గైట్‌దైతే సంఘం ముద్ర, ఇగ్లూ గుర్తు, కోసం వెతకండి. రాతి అచ్చయితే భూతద్దంలో వరస చుక్కలు కనపడవు. నల్లరంగు మధ్య అక్కడక్కడా రంగు అంటని తెల్లటి నలుసులు కనిపించొచ్చు. అవి లోపాలని బేరమాడకండి, నేను ఆడి నవ్వులపాలయ్యాను.

ఆ కింది అంచు ఫొటో పెట్టండి, చూస్తాను. ఫ్లాష్ లేకుండా తీయండి.