పాఠకుల ప్రశ్నలు – జవాబులు: పాత స్పెక్ట్రమ్‌కు కొత్త క్యాబినెట్

ప్రశ్న: మా నాన్నగారు 1980ల చివర కొన్న స్పెక్ట్రమ్ ప్లస్ కంప్యూటరు మా ఇంటి అటక మీద చాలాకాలం ఉండిపోయింది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు పెంకులు లేచిపోయి అట్టపెట్టె తడిసింది. ప్లాస్టిక్ డొప్ప పగిలింది, అడాప్టరు ఎటు పోయిందో తెలియదు, మీటల కింది రిబ్బను చేయి తగలగానే విరిగిపోయింది. బోర్డు మాత్రం చూడటానికి బాగానే ఉంది. మా అబ్బాయి పక్కన పడేసిన ఏటీఎక్స్ రకం డెస్క్‌టాప్ కంప్యూటరు క్యాబినెట్‌లో దీన్ని బిగించి, అందులోనే ఉన్న, కంప్యూటరు భాగాలకు కరెంటు అందించే 450 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్‌తో నడపాలని నా కోరిక. పసుపు తీగలో వచ్చే 12 వోల్టులు నేరుగా ఇవ్వవచ్చునా? బోర్డును ఎలా బిగించాలి? ఫ్యాన్లు ఎన్ని పెట్టాలి?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: అయ్యా, మీరు మూడు ప్రశ్నలు అడిగారు కాని మొదటిదే అసలు ప్రశ్న. ఈ పనిలో పాడయ్యేవన్నీ కరెంటు దగ్గరే పాడవుతాయి. కనుక జవాబులో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను.

12 వోల్టులు నేరుగా ఇవ్వకండి. స్పెక్ట్రమ్‌కు కావలసింది 9 వోల్టుల డీసీ. దానితో వచ్చిన అడాప్టరు మీద 1.4 ఆంపియర్లు అని ఉండేది. బోర్డు మీద అల్యూమినియం రేకుకు బిగించిన 7805 రెగ్యులేటరు ఆ 9 వోల్టులను 5కు దించి, తేడాను వేడిగా వదిలేస్తుంది. బోర్డు ముప్పావు ఆంపియరు తీసుకుంటుందనుకుంటే ఆ వేడి 3 వాట్లు. 12 వోల్టులు ఇస్తే 5 వాట్లు దాటుతుంది. నలభై ఏళ్ల నాటి బోర్డు మీద అంత భారం మోపడం అనవసరం.

దీనికన్నా సున్నితమైనది మరొకటి ఉంది. దిగువ 16 కేబీ మెమొరీకి వాడిన ఎనిమిది 4116 చిప్పులకు 5 వోల్టులు ఒక్కటే చాలవు. +12, -5 కూడా కావాలి. ఈ రెండింటినీ బోర్డు మీది చిన్న కాయిలు, టీఆర్4 అనే ట్రాన్సిస్టరు కలిసి ఆ 9 వోల్టుల నుంచే తయారు చేస్తాయి. -5 రాకుండా మిగిలిన రెండూ వస్తూ ఉంటే 4116 చిప్పులు చూస్తుండగానే చచ్చిపోతాయి. ఇది పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. స్పెక్ట్రమ్ సాకెట్‌లో మధ్య సూది మైనస్, బయటి వలయం ప్లస్. నేడు బజారులో దొరికే అడాప్టర్లలో అధికభాగం దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటాయి. పర్లాకిమిడిలో నా బల్ల మీద, 9 వోల్టులని రాసి ఉంది కదా అని ఒక రౌటరు అడాప్టరు గుచ్చాను. టీఆర్4 పోయింది. అది పోయిన సంగతి గమనించక, సరైన అడాప్టరు పెట్టి మరో పది నిమిషాలు కుస్తీ పట్టాను. అప్పటికి మూడు మెమొరీ చిప్పులు కూడా పోయాయి.

అందుచేత మీరు ఎస్‌ఎమ్‌పీఎస్ ఆలోచన మానుకుని, 2 ఆంపియర్ల 9 వోల్టుల అడాప్టరు ఒకటి కొని, దాని పిన్ను కత్తిరించి తీగలు తిప్పి అతికించి, మీటరుతో సరిచూసుకున్న తరువాత క్యాబినెట్ లోపలే కట్టేయడం మేలు అని నా అభిప్రాయం. పది వాట్లు కూడా తాగని బోర్డు కోసం 450 వాట్ల డబ్బాను తిప్పడం చీమ మీదికి ఏనుగును తోలినట్లు ఉంటుంది. పైగా పాత రకం ఎస్‌ఎమ్‌పీఎస్‌లు కొన్ని అంత తక్కువ లోడు మీద నిలకడగా వోల్టేజి ఇవ్వవు. అయినా అదే కావాలంటే, పసుపు తీగకు ఒక బక్ కన్వర్టరు మాడ్యూలు (వోల్టేజిని దించే చిన్న బోర్డు) కలిపి, బోర్డుకు తగిలించక ముందే దానిని 9 వోల్టులకు తిప్పి పెట్టుకోండి. ఆకుపచ్చ తీగను నల్ల తీగకు కలిపితేనే ఎస్‌ఎమ్‌పీఎస్ లేస్తుంది, విడదీస్తే ఆగిపోతుంది. క్యాబినెట్ ముందున్న బటన్ వేలు తీయగానే విడిపోయే రకం కాబట్టి అది ఇక్కడ పనికిరాదు, నొక్కితే నిలిచి ఉండే స్విచ్చి పెట్టాలి.

కరెంటు ఇచ్చే ముందు బోర్డును శుభ్రం చేయాలి. గోపాలపురం ఉప్పుగాలి బరంపురం దాకా వస్తుంది, పైగా మీది వానలో తడిసిన సరుకు. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన పళ్ల బ్రష్షుతో రుద్ది, వెనక అంచున ఉన్న కనెక్టరు పట్టీలను పెన్సిలు రబ్బరుతో తుడవండి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లన్నీ మార్చండి; ధ్రువాలు చూసుకుని టంకం పెట్టగలిగితే ఇది ఒక సాయంకాలం పని. తరువాత ఏదైనా ఒక 4116 చిప్పు దగ్గర 8వ కాలికీ 16వ కాలికీ మధ్య మీటరుతో చూడండి. షార్టు కనిపిస్తే అక్కడే ఆగిపోండి. లేకపోతే కొద్ది క్షణాలు మాత్రమే కరెంటు ఇచ్చి, 16వ కాలిని భూమిగా తీసుకుని, 1వ కాలి మీద -5, 8వ దాని మీద 12, 9వ దాని మీద 5 వస్తున్నాయేమో కొలవండి. మూడూ దరిదాపుల్లో ఉంటేనే ముందుకు వెళ్లండి.

బొమ్మ కోసం యూహెచ్‌ఎఫ్ 36వ ఛానెలు వెతుక్కునే రోజులు పోయాయి. మాడ్యులేటరు (బొమ్మను టీవీ ఛానెలుగా మార్చే డబ్బా) లోపలికి వెళ్లే వీడియో తీగను దాని నుంచి విడదీసి, 100 మైక్రోఫారడ్ కెపాసిటరు గుండా ఆర్‌సీఏ సాకెట్‌కు తెస్తే టీవీ ఏవీ ఇన్‌పుట్‌లో బొమ్మ వస్తుంది. కంప్యూటరు మానిటరు వీజీఏకు మాత్రం దీనిని కలపాలని చూడకండి, తెర మీద గీతలు గీసే వేగం అది 31.5 కిలోహెర్ట్జ్ ఆశిస్తుంది, ఇది ఇచ్చేది 15.6 మాత్రమే. అంతా సవ్యంగా ఉంటే తెల్లని తెర అడుగున 1982 సింక్లెయిర్ రీసెర్చ్ లిమిటెడ్ అన్న ఒకే ఒక్క వరుస కనబడుతుంది. అది కనబడేంతవరకు క్యాబినెట్ జోలికి వెళ్లవద్దు.

బిగింపు విషయానికి వస్తే, స్పెక్ట్రమ్ బోర్డు రంధ్రాలు ఏటీఎక్స్ ఇత్తడి స్టడ్లకు సరిపోవు. సరిపోయాయని తోచినా లోహపు పళ్లెం మీద టంకపు మొనలు తగిలే అవకాశం ఉంది. ఒక బేకలైట్ షీటు కోయించి, దానిని స్టడ్లకు బిగించి, బోర్డును నైలాన్ స్పేసర్లతో ఆ షీటు మీద నిలపండి. క్యాబినెట్ వెనక కిటికీ వెడల్పు 16 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, బోర్డు అంతకంటే వెడల్పు. అందువల్ల ఇయర్, మైక్, వీడియో సాకెట్లను కొత్తగా పక్కనున్న స్లాటు రేకుల మీద బిగించి, పొట్టి తీగలతో బోర్డుకు కలపడం సులభం. ఆటలను లోడు చేసే ధ్వనిని టేపుకు బదులు మొబైల్ ఫోను నుంచి ఇయర్ సాకెట్‌కు ఇవ్వవచ్చు, వాల్యూము నిండుగా పెట్టాలి.

మీటల సంగతి మీరు అడగలేదు కాని, చివరికి చిక్కు పెట్టేది అదే. బోర్డుకు వచ్చేవి రెండు రిబ్బన్లు, ఒకదానిలో ఎనిమిది గీతలు, మరొకదానిలో ఐదు. ఎనిమిదైదుల నలభై కలయికలు. కొత్త మెంబ్రేన్ (మీటల కింది పల్చని పొర) దొరికితే మంచిదే, దొరకకపోతే నలభై మెకానికల్ స్విచ్చులతో అదే మాతృకను చేతితో అల్లుకోవచ్చు. నేను అలాగే చేసుకున్నాను. టంకం పెట్టడానికి రెండు ఆదివారాలు పట్టింది, తప్పులు వెతకడానికి మూడోది.

ఫ్యాను ఒక్కటి కూడా అవసరం లేదు. పగిలిన డొప్పను మాత్రం పారేయకండి. మన దేశంలో డెసిబెల్స్ సంస్థ లైసెన్సు మీద స్పెక్ట్రమ్ ప్లస్‌లు అమ్మింది. మీది అదే అయితే ఆ డొప్ప మళ్లీ దొరకదు.

ప్రశ్న: మా బడి గదిలో క్లాస్ పథకం (బడుల్లో కంప్యూటరు చదువు కోసం 1980లలో ప్రభుత్వం పెట్టినది) నాటి బీబీసీ మైక్రో కంప్యూటరు ఒకటి ఉంది. మీటలు బాగానే ఉన్నాయి. దీనికైనా ఎస్‌ఎమ్‌పీఎస్ వాడవచ్చునా?
– ఒక ఉపాధ్యాయురాలు, జయపురం

జవాబు: అమ్మా, వాడవచ్చు, వాడితేనే మంచిది కూడా. దీనికి నేరుగా 5 వోల్టులే కావాలి, ఎర్ర తీగ అదే ఇస్తుంది. అయితే బోర్డు మీద 5 వోల్టులు వచ్చి చేరే చోట్లు మూడు. మూడింటికీ తీగలు ఇవ్వాలి. పాత పవర్ సప్లైను పరీక్ష కోసమైనా గోడ ప్లగ్గులో పెట్టకండి, దానిలోని ఫిల్టరు కెపాసిటర్లు వయసు మీరి బీటలు వారి, పొగతో పేలుతాయి. ఆ వాసన తరగతి గదిని రెండు రోజులు వదలదు. ఈ యంత్రానికి -5 వోల్టులు కూడా కావాలి. కొత్త ఎస్‌ఎమ్‌పీఎస్‌లలో ఆ తెల్ల తీగ లేదు, కాబట్టి నీలం తీగలోని -12 నుంచి 7905 రెగ్యులేటరుతో దానిని తెచ్చుకోవాలి. 7905 కాళ్ల వరుస 7805 వంటిది కాదు. దాని వీపు రేకు భూమికి కాక ఇన్‌పుట్‌కు కలిసి ఉంటుంది, అంటే ఆ రేకు మీద -12 వోల్టులు ఉంటాయి. అబ్రకపు ముక్క, ప్లాస్టిక్ వాషరు లేకుండా దానిని క్యాబినెట్ ఇనుముకు బిగించవద్దు.