లైట్ యాక్షన్ మీద మీడియం బరువు వేట రైఫిల్ చేయించుకోవడం దండగా? రెండు రకాలూ చేయించినవాడిగా నా జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: టైటానియం షార్ట్ యాక్షన్ (తూటాని లోపలికి తోసి, బిగించి పేల్చే మధ్య భాగం, పొట్టి తూటాలకి సరిపడేది) ఒకటి మంచి ధరకి దొరికింది, దాని మీద 7ఎంఎం-08 అనే తూటాకి కొలరాడోలో మ్యూల్ డీర్‌కీ ఎల్క్‌కీ (ఇవి అక్కడి జింక జాతులు) పనికొచ్చే రైఫిల్ చేయించుకోవాలి, స్కోప్‌తో కలిపి ఏడు, ఏడున్నర పౌండ్లు రావాలి, కానీ రేంజ్‌లో ఒకాయన "అంత తేలిక యాక్షన్‌కి డబ్బు పెట్టి మళ్ళీ మందం బ్యారెల్ బిగిస్తే ఇక కొన్న లాభం ఏంటి" అన్నాడు, ఆ మాట నిజమేనా అని.

నిజం కాదండి. నేను ఒకే యాక్షన్ మీద రెండు రకాలూ చేయించాను, ముందు ఆరు పౌండ్లది, తర్వాత ఏడుంపావుది, ఇప్పుడు ఎవరేం చెప్పినా మొదటిదానికి మాత్రం వెనక్కి వెళ్ళను. యాక్షన్‌లో మిగిలిన బరువుని జేబులో వేసుకోకూడదు, బ్యారెల్‌లో ఖర్చు పెట్టాలి. ఎందుకో నాకు జరిగింది చెప్తాను.

మాది మార్కాపురం వైపు, నల్లమల అడవి కళ్ళ ముందే ఉన్నా అక్కడ వేట అన్నది మా తరానికి తెలియదు, 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ మాటే లేదు కదా. నేను ఇక్కడికి, అమెరికాకి వచ్చి పౌరసత్వం వచ్చాకే హంటర్ ఎడ్యుకేషన్ క్లాసుకి వెళ్ళి, మా పక్కింటి పెద్దాయన వెంట తిరిగి నేర్చుకున్నాను. ఆయన రైఫిల్ పాత వాల్‌నట్ చెక్క స్టాక్‌తో (బ్యారెల్, యాక్షన్ కూర్చునే, భుజానికి ఆనే భాగం) తొమ్మిది పౌండ్ల దాకా ఉండేది, పదివేల అడుగుల ఎత్తులో దాన్ని మోసుకుంటూ నాలుగు రోజులు తిరిగాక నా భుజం నాది కాకుండా పోయింది, అప్పుడే అనుకున్నా ఎంత వీలైతే అంత తేలిక రైఫిల్ చేయించుకోవాలని. తేలిక రైఫిల్ అన్న ఆలోచన కొత్తదేం కాదు, వెస్ట్ వర్జీనియాలో మెల్విన్ ఫోర్బ్స్ అనే ఆయన 1980ల్లోనే 20 ఔన్సుల ఉక్కు యాక్షన్ చేసి దాని మీద ఐదు పౌండ్ల చిల్లర రైఫిళ్ళు అమ్మాడు, అవి బాగా కాలుస్తాయని పేరు కూడా ఉంది. కాబట్టి తేలికవన్నీ చెడ్డవని నేను అనట్లేదు, నా చేతుల్లో, నా ఊపిరితో ఏం జరిగిందో అదే చెప్తున్నా.

మొదటిసారి లెక్క ఇలా వచ్చింది, వంటింటి తూకం మీద నేనే ఒక్కోటి తూచాను: బోల్టుతో (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) కలిపి యాక్షన్ 22 ఔన్సులు, సన్న బ్యారెల్ 22 అంగుళాలది 31, కార్బన్ స్టాక్ 20, ట్రిగ్గర్ 3, అల్యూమినియం బాటమ్ మెటల్ (అడుగున ట్రిగ్గర్ చుట్టూ ఉండే భాగం) స్క్రూలతో 5, స్కోప్ 13, రింగులు 3. మొత్తం 97 ఔన్సులు, అంటే 6 పౌండ్ల 1 ఔన్సు. చేతిలోకి తీసుకోగానే మనసు పొంగిపోయింది, రేంజ్‌లో బెంచ్ మీద ఇసుక సంచుల మధ్య పెట్టి కాలిస్తే మొదటి రెండు గుళ్ళు ఆనుకుని పడేవి, మూడోది కొంచెం పైకి, నాలుగోది ఇంకా పైకి, బ్యారెల్ వేడెక్కితే అంతే అని సరిపెట్టుకున్నా, వేటలో ఎలాగూ చల్లటి బ్యారెల్‌తో మొదటి గుండే ముఖ్యం కదా అని.

తర్వాత నవంబర్ మొదట్లో కొలరాడోలోని ఫ్లాట్ టాప్స్‌లో, రెండు గంటలు ఎక్కి గట్టు మీదకి చేరిన వెంటనే 240 గజాల్లో మంచి మగ మ్యూల్ డీర్ అడ్డంగా నిలబడింది. కూర్చుని మోకాళ్ళ మీద మోచేతులు ఆనించాను, కానీ గుండె దడకి స్కోప్‌లో కనపడే గురి గీత, క్రాస్‌హెయిర్ దాని వీపు మీద నుంచి కాళ్ళ దాకా గంతులేస్తోంది, అంత తేలిక రైఫిల్‌కి నా ప్రతి ఊపిరీ, ప్రతి నాడీ తెలిసిపోతోంది, గాలి విసిరితే మూతి పక్కకి పోతోంది. ఆపుకోలేక కాల్చాను. గుండు దాని కింద మట్టిలో పడింది, జింక గట్టు దాటి పోయింది. తగిలిందేమో, గాయంతో ఎక్కడన్నా పడిందేమో అని రెండు గంటలు మంచులో అడుగుజాడలు పట్టుకుని వెతికాను, ఒక్క రక్తపు చుక్క లేదు, అడుగులు కూడా తిన్నగానే ఉన్నాయి, అప్పటికి గానీ నా మనసు కుదుటపడలేదు. గాయపరిచి వదిలేయడం కన్నా పాపం ఇంకోటి లేదు వేటలో, ఆ రాత్రి టెంట్‌లో పడుకుని ఆలోచించింది అంతా రైఫిల్ గురించే.

తూకం మీద తక్కువ ఉండటం వేరు, గురి మీద నిలబడటం వేరు. రైఫిల్ నిలకడగా ఉండాలంటే బరువు ఉండాలి, అది కూడా ముందు వైపు కొంత ఉండాలి, పొడవాటి కర్ర చివర బరువు కడితే ఊపడం కష్టం కదా, అదే సూత్రం. యాక్షన్ రైఫిల్‌కి సరిగ్గా మధ్యలో, రెండు చేతుల నడుమ ఉంటుంది, అక్కడి బరువు మోయడానికి తప్ప నిలకడకి పెద్దగా పనికిరాదు. బ్యారెల్ బరువు అలా కాదు, మూతిని పట్టి ఉంచేది అదే. అందుకే మధ్యలో తీసేసి ముందు పెట్టడం తెలివైన పని, మీ రేంజ్ మిత్రుడికి ఇదే చెప్పండి, మామూలు ఉక్కు యాక్షన్ మీద అదే బ్యారెల్ పెడితే ఎనిమిది పౌండ్ల దగ్గరికి పోయేది మీకు ఏడుంపావులో వస్తుంది.

ఇంకో సంగతి, బ్యారెల్ బిగువు (వంగకుండా ఉండే గుణం) మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. నా పాత బ్యారెల్ మూతి దగ్గర 0.55 అంగుళం, కొత్తది 0.61, చూడటానికి తేడానే తెలియదు కానీ లెక్కేస్తే ఆ చోట బిగువు ఒకటిన్నర రెట్లు అయింది. వేడి కూడా అంత త్వరగా ఎక్కదు, ఇప్పుడు నాలుగు గుళ్ళు ఒకే చోట పడుతున్నాయి, ఐదోది కాల్చే అవసరం నాకు వేటలో ఎప్పుడూ రాలేదు.

రెండోసారి లెక్క: యాక్షన్ అదే 22, నంబర్ 3 కాంటూర్ (బ్యారెల్ మందం తీరు) బ్యారెల్ 22 అంగుళాలది 42, కొంచెం నిండైన ఫోరెండ్ (బ్యారెల్ కింద ఉండే స్టాక్ ముందు భాగం) ఉన్న స్టాక్ 28, మిగతావన్నీ పాతవే, మొత్తం 116 ఔన్సులు, 7 పౌండ్ల 4 ఔన్సులు. స్లింగ్, నాలుగు తూటాలు కలిపితే 7 పౌండ్ల 11. ఇది మీడియం బరువు అంటే నా దృష్టిలో సరైన చోటు. రైఫిల్‌ని ముందు యాక్షన్ స్క్రూ దగ్గర వేలు మీద నిలబెడితే తూగుతుంది, మీరు చేయించేటప్పుడు కూడా తుపాకీలు చేసే గన్‌స్మిత్‌కి మొత్తం బరువు ఒక్కటే చెప్పకండి, తూగే చోటు కూడా చెప్పండి.

తన్నుడు (పేలినప్పుడు రైఫిల్ భుజాన్ని వెనక్కి నెట్టడం) సంగతి కూడా. అదే తూటాకి తన్నుడు శక్తి రైఫిల్ బరువుకి విలోమంగా ఉంటుంది, అంటే 97 ఔన్సుల నుంచి 116కి వచ్చేసరికి దాదాపు ఆరో వంతు తగ్గింది. చిన్న మాట కాదండి అది, పాత రైఫిల్‌తో ఇరవై గుళ్ళు కాల్చేసరికి నేను కళ్ళు మూసుకోవడం మొదలుపెట్టేవాడిని, ప్రాక్టీస్ మానేశాను, ప్రాక్టీస్ లేకపోతే కొండ మీద గురి ఎక్కడి నుంచి వస్తుంది.

ఇప్పుడు టైటానియం గురించి ఒక జాగ్రత్త. ఉక్కు బరువులో సుమారు 57 శాతమే ఉంటుంది నిజమే, కానీ ఉక్కు అంత గట్టిగా వంగకుండా ఉండదు, దాని సాగుడు గుణకం (వంగకుండా ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే అంకె) ఉక్కుకి సగం కంటే కొంచెమే ఎక్కువ. పైగా తేలిక యాక్షన్లు చాలావాటికి అడుగున ఆనే చోటు తక్కువ. అలాంటిదాని ముందు 42 ఔన్సుల బ్యారెల్ వేలాడుతుంటే బెడ్డింగ్ (స్టాక్‌లో యాక్షన్ కదలకుండా నిండుగా ఆనేలా కూర్చోబెట్టడం) సరిగ్గా లేకపోతే అంతా వృథా. నాకు మొదటిసారి పని చేసిన గన్‌స్మిత్ (పేరెందుకులెండి) బెడ్డింగ్ తొందరగా చేసేశాడు, ముందు స్క్రూ వదులు చేస్తే బ్యారెల్ స్టాక్‌లోంచి కంటికి కనపడేంత పైకి లేచేది, అంటే స్క్రూలు బిగించినప్పుడల్లా యాక్షన్ వంగుతోందన్నమాట. ఆ స్టాక్ ఫోరెండ్ కూడా ఎంత పల్చన అంటే స్లింగ్ బిగించి పట్టుకుంటే వంగి బ్యారెల్‌కి తగిలేది, రూపాయి నోటు మడిచి మధ్యలో జరిపి చూస్తే మామూలుగా నడిచేది, చేతితో ఫోరెండ్ నొక్కితే ఇరుక్కుపోయేది. ఈ పరీక్ష మీరు కూడా చేయండి, తేలిక స్టాకుల్లో ఇది చాలా మామూలు జబ్బు. రెండో గన్‌స్మిత్ అల్యూమినియం పిల్లర్లు (స్క్రూల చుట్టూ గొట్టాలు) పెట్టి, రికాయిల్ లగ్ (తన్నుడుని స్టాక్‌కి అందించే దిమ్మ) వెనక భాగం నిండుగా ఆనేలా, బ్యారెల్ మొదటి అంగుళంన్నర కింద కూడా ఎపాక్సీ ఆసరా ఇచ్చి, అక్కడి నుంచి మూతి దాకా బ్యారెల్ స్టాక్‌కి తగలకుండా పూర్తిగా తేల్చేశాడు. మందం బ్యారెల్, చిన్న యాక్షన్ కలిసినప్పుడు ఆ అంగుళంన్నర ఆసరా పనిచేస్తుందని నా అనుభవం, కొందరు గన్‌స్మిత్‌లు ఒప్పుకోరు, మీవాడితో మాట్లాడండి. స్క్రూలు ఎంత బిగించాలో మాత్రం యాక్షన్ చేసినవాళ్ళు చెప్పిన అంకె ప్రకారం టార్క్ రెంచ్‌తోనే చేయండి, చేతి అంచనా వద్దు. టైటానియం మీద ఉక్కు బోల్టు లగ్గులు (బోల్టుని లోపల తాళం వేసే పళ్ళు) రాసుకుని అంటుకుపోయే గుణం కూడా ఉంది, లగ్గుల వెనక కొంచెం గ్రీజు ఎప్పుడూ ఉంచుతాను.

బ్యారెల్ బిగించడం, చాంబర్ (తూటా కూర్చునే గది) కోయడం, హెడ్‌స్పేస్ (తూటాకీ బోల్టుకీ మధ్య ఖాళీ) గేజులతో చూడటం ఇవన్నీ పనితెలిసిన గన్‌స్మిత్ చేతే చేయించండి, ఇది మొహం పక్కనే పేలే వస్తువు, వీడియోలు చూసి గ్యారేజ్‌లో చేసే పని కాదు.

తూటా విషయంలో మీ ఎంపిక బాగుంది. 7ఎంఎం-08 అంటే .308 విన్‌చెస్టర్ కేసు మెడ సన్నం చేసిందే, రెమింగ్టన్ 1980లో తెచ్చింది, షార్ట్ యాక్షన్‌లో హాయిగా సరిపోతుంది. కొలరాడోలో ఎల్క్‌కి గుండు కనీసం 85 గ్రెయిన్ల బరువు, 100 గజాల్లో 1000 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలని నియమం, 140 గ్రెయిన్ల గుండుతో 7ఎంఎం-08 ఆ గీత కంటే ఎంతో పైన ఉంటుంది. నేను 9 అంగుళాలకి ఒక చుట్టు ట్విస్ట్ (బ్యారెల్ లోపలి గాడుల మెలిక) తీసుకున్నాను, 140కీ 150కీ ఏ ఇబ్బందీ లేదు. పెద్ద మ్యాగ్నమ్ తూటాల వైపు మనసు పోనివ్వకండి, లైట్ యాక్షన్ కొన్న కారణమే పోతుంది.

మడమ పొడవు (ట్రిగ్గర్ నుంచి భుజానికి ఆనే చివర దాకా) కూడా చూసుకోండి. ఇక్కడ ఫ్యాక్టరీ రైఫిళ్ళు ఎక్కువగా 13 అంగుళాలన్నర మీద ఉంటాయి, నేను ఐదడుగుల ఆరు, పైగా నవంబర్‌లో మూడు పొరల జాకెట్ వేసుకుంటాం, నాకు 13 సరిపోయింది. కస్టమ్ చేయించడంలో నాకు బ్యారెల్ తర్వాత ఎక్కువ తేడా కనిపించింది ఇందులోనే.

ఆ మరుసటి ఏడు అదే ప్రాంతంలో, అలాగే ఊపిరి ఎగపోస్తూ, 210 గజాల్లో ఆడ ఎల్క్ కనపడితే అలాగే కూర్చుని కాల్చాను. క్రాస్‌హెయిర్ కదల్లేదని అబద్ధం చెప్పను, కదిలింది, కానీ భుజం వెనక అరచేయంత చోటులోనే మెల్లగా తిరిగింది, నేను ట్రిగ్గర్ నొక్కడానికి సమయం ఇచ్చింది. నలభై గజాలు కూడా నడవలేదు ఎల్క్. ఆ చలికాలం మా ఇంట్లో వేపుడూ పులుసూ అంతా దాని మాంసమే, మా పక్కింటి పెద్దాయనకి కూడా ఒక పెద్ద కవరు ఇచ్చాను.

ఇక చట్టం విషయం ఒకటి, మనవాళ్ళు చాలామంది పట్టించుకోరు కాబట్టి రాస్తున్నా. సీరియల్ నంబర్ ఉండేది యాక్షన్ మీదే, కాబట్టి చట్టం దృష్టిలో బ్యారెల్ లేకపోయినా అదే తుపాకీ, ఆన్‌లైన్‌లో కొన్నా లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరికే వస్తుంది, ఫారం 4473 నింపి బ్యాక్‌గ్రౌండ్ చెక్ అవ్వాలి, కొలరాడోలో 2023 అక్టోబర్ నుంచి మూడు రోజులు ఆగాలి కూడా. మీరు హెచ్-1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉంటే ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే నేరం, చెల్లుబాటయ్యే స్టేట్ హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ ఆ లైసెన్స్ గడువు ఎప్పుడు తీరుతుందో కూడా లెక్కలోకి వస్తుంది. యాక్షన్‌కి అడ్వాన్స్ ఇచ్చేముందే లాయర్‌తో ఒక అరగంట మాట్లాడండి, గ్రీన్ కార్డ్ లైన్‌లో ఉన్నవాళ్ళు అయితే ఇంకా ముఖ్యం.

బ్యారెల్ ఆర్డర్ ఇచ్చేముందు మీ దగ్గరున్న స్కోప్, స్టాక్, యాక్షన్ మూడూ తూచి ఆ ఔన్సులు ఇక్కడ రాయండి, ఏ కాంటూర్ అయితే ఏడుంపావు దగ్గర ఆగుతుందో లెక్కేసి చెప్తాను.