ఐపీ68 ఫోనుతో స్వరాజ్ ద్వీప్ సముద్రంలోకి దిగవచ్చా?

ప్రశ్న: వచ్చే నెల అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌కు, అంటే పాత హేవ్‌లాక్‌కు వెళ్లి, మొదటిసారి స్కూబా డైవింగ్ చేయబోతున్నాం. నా ఫోనుకు ఐపీ68, స్మార్ట్‌వాచీకి 50 మీటర్ల రేటింగు ఉన్నాయి. వీటితో నీటి అడుగున ఫొటోలు తీసుకోవచ్చా? అక్కడ ఇంటర్నెట్ ఎలా ఉంటుంది? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఫోనును గదిలోనే ఉంచి వెళ్లండి. ఐపీ68లోని 6 అంకె దుమ్ము నుంచి రక్షణను, 8 అంకె ఒక మీటరు కన్నా లోతులో, తయారీ సంస్థ చెప్పిన షరతుల మేరకు మునిగినా తట్టుకోవడాన్ని సూచిస్తాయి. ఆ షరతు చాలా ఫోన్లకు ఒకటిన్నర మీటర్ల లోతు, 30 నిమిషాలు మాత్రమే. పరీక్ష జరిగేది కదలని మంచినీటిలో. మొదటిసారి డైవింగ్ చేసేవారిని 12 మీటర్ల వరకు తీసుకెళ్తారు. 10 మీటర్ల దగ్గరే పీడనం ఉపరితలంపై ఉన్నదానికి రెట్టింపు అవుతుంది. పైగా ఉప్పునీరు చార్జింగ్ పోర్టును తినేస్తుంది, తడిసిన టచ్‌స్క్రీన్ వేలిని గుర్తించదు, నీరు చేరి పాడైన ఫోనుకు సాధారణ వారంటీ వర్తించదు. మెడలో వేలాడదీసుకునే ప్లాస్టిక్ పౌచ్ పడవ ప్రయాణంలో తుంపరలకు సరిపోతుంది, అంతకు మించి దాన్ని నమ్మకండి.

వాచీ మీది 50 మీటర్లు కూడా లోతు లెక్క కాదు, ప్రయోగశాలలో ఇచ్చిన పీడనం లెక్క. ఈత వరకు ఫరవాలేదు. డైవింగ్‌కు ఈఎన్ 13319 అనే యూరప్ ప్రమాణం ఉన్న డైవ్ కంప్యూటరు, అంటే నీటిలో లోతునూ సమయాన్నీ చూపే పరికరం కావాలి కానీ, శిక్షకుడు వెంటే ఉండే మొదటి డైవ్ కోసం మీరు దాన్ని కొనక్కర్లేదు.

ఫొటోల కోసం యాక్షన్ కెమెరాను దాని డైవింగ్ హౌసింగ్‌లో, అంటే నీరు చొరని పెట్టెలో పెట్టి తీసుకెళ్లవచ్చు. ఇలాంటి కొన్ని హౌసింగ్‌లు 60 మీటర్ల వరకు తట్టుకుంటాయి. మూతకు ఉండే రబ్బరు రింగుపై ఒక్క వెంట్రుక ఉన్నా నీరు లోపలికి వస్తుంది కనుక మూసే ముందు వెలుతురులో పరిశీలించండి. అడవి తీరం దాకా వచ్చే ఆ ద్వీపంలో గాలి నిండా తేమే. హౌసింగ్‌ను ఒడ్డున కాక ఏసీ గదిలోనే, సిలికా జెల్ పొట్లంతో మూస్తే అద్దం లోపల ఆవిరి పట్టదు. డైవ్ తర్వాత మంచినీటిలో కడిగి, తుడిచాకే తెరవాలి. నీరు ఎరుపు రంగును మొదటి కొన్ని మీటర్లలోనే పీల్చేస్తుంది కాబట్టి పగడాలు నీలంగా పడతాయి. ఎర్ర ఫిల్టరు పెట్టి, వీలైనంత దగ్గరగా తీయండి. అయితే తొలి డైవ్‌లో ముక్కు పట్టుకుని చెవుల ఒత్తిడి సరిచేసుకోవడానికే ఒక చేయి కావాలి. అందుకే కెమెరాను శిక్షకుడికి అప్పగించడమే మేలని నా అభిప్రాయం.

ఇంటర్నెట్ విషయానికొస్తే, చెన్నై నుంచి వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమయ్యాక ఉపగ్రహంపై ఆధారపడే పాత అవస్థ తగ్గింది, స్వరాజ్ ద్వీప్‌కూ ఆ కేబుల్ శాఖ ఉంది. అయినా మొత్తం ద్వీపం మ్యాపును, ఫెర్రీ టికెట్లను ముందే ఫోనులో దాచుకోండి, యూపీఐతో పాటు కొంత నగదూ ఉంచుకోండి. డైవ్ ముగిశాక ఫోనులో ఒక అలారం పెట్టుకోండి: ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఎక్కువ చేస్తే 18 గంటలు గడిచే దాకా విమానం ఎక్కకూడదు.