నాన్న గురించి రాద్దామంటే పెన్ను కదలడం లేదు

ప్రశ్న: మా నాన్న నీటిపారుదల శాఖలో ఇంజినీరు. 1970లో జేఈ (జూనియర్ ఇంజినీరు)గా చేరి శ్రీశైలం ప్రాజెక్టు మీద, తర్వాత సాగర్ కుడి కాలువ మీద పనిచేసి 2004లో ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు)గా రిటైరయ్యారు. ఏడు నెలల క్రితం పోయారు. సంవత్సరీకం నాటికి ఆయన మీద చిన్న పుస్తకం వేద్దామని అమెరికాలో ఉన్న అన్నయ్య అంటున్నాడు. నాకంటే ఏడేళ్లు పెద్దవాడు. రాసే పని నాకు అప్పజెప్పాడు. ‘కుటుంబం కోసమే బతికిన మనిషి అని రాయి’ అంటాడు. రిటైరయ్యాక మా పిల్లల్ని ఆయనే పెంచారు, కాదనను. కానీ నా చిన్నతనంలో నాన్న ఇంట్లో లేరు. మా చదువుల కోసం అమ్మ మమ్మల్ని తీసుకుని నరసరావుపేటలో ఉండేది, ఆయన ఎప్పుడూ క్యాంపులోనే. నా పదో తరగతి పరీక్షలప్పుడు కూడా రాలేదు. అది రాస్తే అమ్మ బాధపడుతుంది, రాయకపోతే అబద్ధం రాసినట్టు ఉంటుంది. ఆయన డైరీలు, ఫీల్డ్ బుక్కులు బీరువాలో ఉన్నాయి, అమ్మ ఎవరినీ ముట్టుకోనివ్వదు. 2009 వరదలప్పుడు నాన్న రాత్రంతా ఫోన్ పక్కనే కూర్చోవడం మాత్రం బాగా గుర్తుంది. తెల్లారి అమ్మ కాఫీ ఇస్తే ‘డ్యామ్ నిలబడింది’ అన్నారు. ఇంకేమీ రాయలేకపోతున్నాను.

జవాబు: ఆ రాత్రి దగ్గరే మొదలుపెట్టండి. 2009 అక్టోబరు మొదట్లో కృష్ణకు వచ్చిన వరదకు శ్రీశైలం జలాశయం పూర్తి మట్టమైన 885 అడుగులు కూడా దాటిపోయింది. దాని కింద సాగర్, ఇంకా దిగువన విజయవాడ ఉన్నాయి. రిటైరై ఐదేళ్లయిన మనిషిని ఆ రాత్రి డ్యూటీకి ఎవరూ పిలవలేదు. అయినా తను పనిచేసిన గోడ ఎలా ఉందోనని పడుకోకుండా కూర్చున్నారు. ఎవరికి ఫోన్ చేశారు, ఏమడిగారు, టీవీలో ఏం చూసి గాభరా పడ్డారు, మీకు గుర్తున్నదంతా రాయండి. ‘కుటుంబం కోసమే బతికారు’ అన్న మాట ఏ తండ్రి గురించైనా రాయొచ్చు. మీరు చెప్పిన ఈ రాత్రి ఆయన ఒక్కరిదే.

ఇప్పుడు ఆయన ఇంట్లో లేని సంవత్సరాల సంగతి. ప్రాజెక్టుల్లో పనిచేసిన చాలా ఇళ్లలో ఇది ఉన్నదే. సాగర్‌కు 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. పేపర్లో వచ్చేది అంతవరకే. ఆ తర్వాత మేజర్లు, మైనర్లు అనే పిల్ల కాలువలు, తూములు, పంట కాలువలు, గండి పడితే పూడ్చడం, చివరి భూములకు నీళ్లందలేదని రోడ్డెక్కిన రైతులకు జవాబు చెప్పడం. ఇవన్నీ చేసింది మీ నాన్న లాంటి ఏఈలు (అసిస్టెంట్ ఇంజినీర్లు), డీఈలు (డిప్యూటీ ఇంజినీర్లు), వాళ్ల వెంట నడిచిన లస్కర్లు, అంటే కాలువ కాపలాదారులు. మీ పరీక్షలు జరిగే మార్చి నెల ఆయకట్టులో ఆఖరి తడికి జనం కొట్టుకునే కాలం. బహుశా ఆయన అందుకే రాలేకపోయి ఉంటారు.

కానీ కారణం తెలిసినంత మాత్రాన ఆ పదిహేనేళ్ల పిల్లకు జరిగిన లోటు తీరదు. ప్రాజెక్టు గొప్పది కాబట్టి నాకు బాధ ఉండకూడదని మిమ్మల్ని మీరు నొక్కేసుకోకండి. ‘నా పదో తరగతి పరీక్షలకు నాన్న రాలేదు. నాకు కోపం వచ్చింది’ అని రెండు ముక్కల్లో రాయండి, చాలు. దాన్ని సమర్థించొద్దు, సాగదీయొద్దు. వెంటనే మీ పిల్లల్ని స్కూలుకు దింపి వచ్చిన తాతయ్య గురించి రాయండి. రెండూ నిజమే కదా.

మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనిపించింది ఇంకొకటి. మీ అన్నయ్య ఏడేళ్లు పెద్ద. అంటే మీరు పుట్టకముందు, నరసరావుపేటకు మారకముందు, శ్రీశైలం ప్రాజెక్టు కాలనీ అయిన సున్నిపెంట క్వార్టర్స్‌లో నాన్నతో ఒకే ఇంట్లో పెరిగి ఉంటాడు. సాయంత్రం నాన్న ఇంటికొచ్చే చిన్నతనం అతనికి దక్కింది, మీకు దక్కలేదు. అందుకే అతను చెప్పే నాన్న, మీరు చెప్పే నాన్న కలవడం లేదు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అతని మాట మీరు రాయొద్దు. ‘నీ నాన్న గురించి నువ్వు నాలుగు పేజీలు రాయి, నా నాన్న గురించి నేను రాస్తాను’ అని అన్నయ్యకు చెప్పండి. టైపు చేసే తీరిక లేదంటే ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమనండి.

అమ్మ బాధపడుతుందన్నది మీ భయం. ఆమెను అడిగారా? భర్త క్యాంపులో ఉంటే ఇద్దరు పిల్లల్ని, అద్దె ఇంటిని, అత్తామామల రాకపోకల్ని ఒంటిచేత్తో నెట్టుకొచ్చిన మనిషి ఆమె. ఆయన లేని సంవత్సరాలు మీకంటే ఆమెకే బాగా తెలుసు. బీరువా తియ్యమని ఒత్తిడి పెట్టకండి. వంటింట్లో పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ ‘సున్నిపెంటలో కాపురం పెట్టినప్పుడు ఇంట్లో ఏమేం సామాన్లు ఉండేవమ్మా’ అని అడగండి. ఇలాంటి చిన్న ప్రశ్నకు వచ్చినంత జవాబు ‘నాన్న ఎలాంటివారు’ అంటే రాదు. ఏదో ఒక రోజు తాళంచెవి ఆమే ఇస్తుంది. ఇచ్చాక కూడా ఆమె ఎదురుగానే ఒక్కో పుస్తకం తీయండి, పేజీలు ఫోటో తీసి ఎక్కడిదక్కడ పెట్టేయండి.

ఒక మాట ముందే చెప్తాను. ఆ మార్చి నెల డైరీ వెతుక్కుని మీ పేరు కోసం చూస్తారు, నాకు తెలుసు. ఉండకపోవచ్చు. ఆ తరం ఇంజినీర్ల డైరీల్లో ఎక్కువగా లెవెల్స్, క్యూసెక్కులు, కాంట్రాక్టర్ల పేర్లు, బస్సు టైములే ఉంటాయి. మీ పేరు లేకపోతే ఆయనకు మీరు గుర్తులేరని కాదు. మనసులో మాట కాగితం మీద పెట్టే అలవాటు వాళ్లకు లేదు, అంతే. ఆయన కింద పనిచేసినవాళ్లు ఇద్దరు ముగ్గురు దొరికితే వెళ్లి కలవండి. క్యాంపు గెస్ట్‌హౌస్‌లో రాత్రిళ్లు ఆయన ఇంటి గురించి ఏం మాట్లాడేవారో వాళ్లకు తెలిసి ఉండొచ్చు.

అమ్మ సరిగా తినకుండా, నిద్రపోకుండా, రోజురోజుకూ ముడుచుకుపోతుంటే మాత్రం పుస్తకం సంగతి పక్కన పెట్టి డాక్టర్‌కు చూపించండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. మీకైనా అంతే.

పుస్తకంలో పదోన్నతుల జాబితా అరపేజీ మించనివ్వకండి. ముప్పై పేజీలున్నా చాలు. ప్రెస్‌కు ఇచ్చేముందు మొత్తం అమ్మకు చదివి వినిపించండి, ఆ పరీక్షల సంగతితో సహా. ఏదైనా తీసేయమంటే తీసేయండి. ‘అలా కాదే, అప్పుడు జరిగింది ఇదీ’ అని ఆమె చెప్పడం మొదలుపెడితే అడ్డు రాకుండా విని, ఆమె మాటల్లోనే చేర్చండి.