పోస్టల్ జీపు కొనబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

అమెరికా తపాలా శాఖ ఉత్తరాలు పంచడానికి వాడిన పాత పోస్టల్ జీపు కొని, ఒహాయోలో శనాదివారాల సంతల్లో ఫిల్టర్ కాఫీ అమ్మాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. విన్నప్పటి నుంచి ఒక పక్క గర్వంగా ఉంది, ఇంకో పక్క గుండెల్లో గుబులుగా ఉంది. నువ్వు అడగలేదు, అయినా రాస్తున్నాను. అడ్వాన్సు కట్టేలోపు ఇది చదువు.

ముందు ఏ బండో తేల్చుకో. గ్రమ్మన్ కంపెనీ 1987 నుంచి 1994 దాకా కట్టిన తెల్ల డబ్బా బండి, ఎల్‌ఎల్‌వీ, నీ మనసులో ఉంటే వదిలెయ్. తపాలా శాఖ వాటిని చాలావరకు జనానికి అమ్మకుండా తుక్కు చేయించింది. వాటికి నిప్పంటుకున్న ఘటనలు వందల్లో ఉన్నాయి. నీకు కావాల్సింది అంతకు ముందుది, డీజే-5 డిస్పాచర్. కుడి సీటు, జారుడు తలుపులు, వెనక చక్రాలకే పవర్, ఆటోమేటిక్ గేరు. ఏఎం జనరల్ కట్టిన ఈ జీపులు పని అయిపోయాక జనం చేతికి బాగానే వచ్చాయి. ఆఖరివి 1984వి.

ఇంజన్ గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోకు. డెబ్బైల్లో వచ్చిన, అమెరికన్ మోటార్స్ (ఏఎంసీ) వాళ్ళ 232 అనే ఆరు సిలిండర్లది దొరికితే అదే తీసుకో, మొండి ఇంజన్. 1979 డీజే-5జీలో ఆడీ రెండు లీటర్లది ఉంటుంది, టైమింగ్ బెల్టుది. దాని జోలికి వెళ్ళకు. 1982లో జనరల్ మోటార్స్ 2.5 లీటర్లది, ఆ తర్వాత ఏఎంసీ 2.5 లీటర్లది వచ్చాయి, రెండూ పరవాలేదు. గేరుబాక్సు టార్క్‌ఫ్లైట్ అనే ఆటోమేటిక్ రకం అయితే ఆయిల్ చూసే పద్ధతి వేరు: బండి వేడెక్కాక, ఇంజన్ తిరుగుతుండగా, న్యూట్రల్‌లో పెట్టి చూడాలి. పార్క్ గేరులో చూస్తే లెక్క తప్పుతుంది. ఆయిల్ మాడు వాసన వస్తే బేరం తగ్గించు. వాసన ఒక్కటే చూసి పారిపోనక్కర్లేదు.

పారిపోవాల్సింది ఫ్రేమ్ చూసి, అంటే బండి మొత్తాన్నీ మోసే కింది ఇనుప చట్రం. ఈ జీపులు కొనేవాళ్ళు ఏళ్ళ తరబడి చేస్తున్న తప్పు ఒక్కటే. రంగు చూస్తారు, తలుపు జారుతుందా లేదా చూస్తారు, ఇంజన్ ఒక్క తిప్పుకి స్టార్టయితే మురిసిపోయి డబ్బు కట్టేస్తారు. కిందకి దూరి చూసేవాళ్ళు తక్కువ. ఇంజన్ పోతే ఇంకోటి వేయొచ్చు. సామాన్లు మామూలు సీజే రకం జీపులవీ, ఏఎంసీ కార్లవీ సరిపోతాయి. కుడిచేతి స్టీరింగ్ లింకులు, పెడల్ బిగింపులు, తలుపు పట్టాలు అలా కాదు, ఇంకో పోస్టల్ జీపు విప్పితేనే దొరుకుతాయి. ఫ్రేమ్ కుళ్ళితే కుదిర్చే ఖర్చు బండి ఖరీదు దాటిపోతుంది.

ఒహాయోలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు ఫ్రేమ్ రైలు (బండి పొడుగునా ఉండే బోలు ఇనుప దూలం) లోపలికి పోయి, బురదతో కలిసి, లోపలి నుంచి తింటాయి. అందుకే పైన నున్నగా కనబడుతుంది. కింద నిగనిగలాడే కొత్త నల్లపూత కనబడితే సంతోషించకు, అనుమానపడు. అమ్మేముందు పూసిన పూత కింద ఏముందో తెలియదు. సుత్తి, మొనదేలిన స్క్రూడ్రైవర్, టార్చి తీసుకెళ్ళు. రైలు పొడుగునా సుత్తితో మెల్లగా కొడుతూ రా. ఇనుము గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, కుళ్ళినచోట డబడబమంటుంది. అలా మోగిన ప్రతిచోటా స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. మొన దిగిందంటే లేచి చెయ్యి దులుపుకుని వచ్చెయ్. అమ్మేవాడు అలా చూడొద్దంటే కూడా వచ్చెయ్.

మూడు చోట్ల మరీ జాగ్రత్త. ఒకటి, వెనక కమాన్ పట్టీలు వేలాడే బ్రాకెట్లు. రెండు, పెట్రోల్ ట్యాంకు దగ్గరి అడ్డపట్టీ. మూడు, నన్ను అన్నిటికంటే భయపెట్టేది, ముందు స్టీరింగ్ బాక్సు బిగించిన చోటు. ఒకరిని సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్ అటూ ఇటూ తిప్పించు, నువ్వు కింద నుంచి చూడు. చక్రం కంటే ముందు బాక్సే కదిలితే అక్కడ రైలు పగిలింది, లేదా బోల్టు రంధ్రాలు అరిగాయి. పైన ఒక ముక్క వెల్డింగ్ చేసి ఇస్తామంటారు. పలచబడిన ఇనుముకి వెల్డింగ్ నిలబడదు, దాని పక్కనే మళ్ళీ పగులుతుంది. స్టీరింగ్ ఊడిన బండిలో నువ్వు కూర్చోవడం తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టదు. కాస్త దూరమైనా అరిజోనా, న్యూ మెక్సికో లాంటి పొడి రాష్ట్రాల బండి వెతుకు. తెచ్చేటప్పుడు ట్రెయిలర్ మీదే తెప్పించు. వెనక చక్రాలు నేల మీద దొర్లుతుండగా లాక్కొస్తే గేరుబాక్సు లోపల ఆయిల్ తిరగక కాలిపోతుంది.

ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపు. ఆడితే బేరింగు గాని, చక్రం పక్కలకి తిరిగే ఇరుసు మేకు కింగ్‌పిన్ను గాని అరిగింది. కుదిరే పనే, ధరలో తగ్గించుకో. మీటరు రీడింగు నమ్మకు. ఇల్లిల్లూ ఆగుతూ వెళ్ళిన బండి, తక్కువ మైళ్ళే తిరిగినా బ్రేకులు, స్టార్టరు, డ్రైవరు కాలు మోపే నేల అరిగిపోతాయి.

టైటిల్ (బండి యజమాని ఎవరో చెప్పే సర్కారు పత్రం) లేకుండా, బిల్లు కాగితం మీద కొనొద్దు. కంపెనీ బండికి బిగించిన ప్లేటు మీది నంబరు, టైటిల్ మీది నంబరు అక్షరం అక్షరం కలవాలి. 1981కి ముందు బండ్లకి 17 అక్షరాల నంబరు ఉండదు, కంగారుపడకు. వేరే రాష్ట్రం టైటిల్ అయితే ఒహాయోలో నంబరు తనిఖీ చేయించాలి. పాతబండికిచ్చే హిస్టారికల్ ప్లేటు చవకని ఆశపడకు, దాంతో వ్యాపారం చెయ్యకూడదు. బీమా కూడా కమర్షియల్‌దే. తపాలా శాఖ గద్ద బొమ్మ, అక్షరాలు ఏమన్నా మిగిలుంటే చెరిపేసి గాని రోడ్డెక్కకు.

ఇక నడపడం. అమలాపురంలో కుడి సీట్లోనే కదా నేర్చుకున్నాను అంటావు. అక్కడ మనం రోడ్డుకి ఎడమ పక్కన వెళ్తాం, కుడి సీటు రోడ్డు మధ్యకి ఉంటుంది. ఇక్కడ కుడి పక్కన వెళ్తూ కుడి సీట్లో కూర్చుంటే నువ్వు అంచున ఉంటావు, ఎదురొచ్చే బండి ఆలస్యంగా కనబడుతుంది. రెండు వరసల రోడ్డు మీద ఎవర్నీ దాటొద్దు. ఎడమకి తిరగాలంటే ఆకుపచ్చ బాణం వచ్చేదాకా ఆగు. బాణం లేని కూడలైతే మూడుసార్లు కుడికి తిరిగి వెళ్ళు. ఎయిర్‌బ్యాగులుండవు. తలుపు తీసిపెట్టి నడపకు. ఎడమ పక్క డబ్బా మీద స్నేహితురాలిని కూర్చోబెట్టుకుని వెళ్తావేమో, ఆ పని చేశావని తెలిస్తే మాట్లాడను.

కాఫీ సరే. పునుగులు కూడా వేస్తానన్నావట, ఆ మాట మానుకో తల్లీ. అంత చిన్న ఇనుప డబ్బాలో మరిగే నూనె వద్దు. పాత రబ్బరు పెట్రోల్ గొట్టాలన్నీ పీకేసి ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించు, బ్యాటరీకి కటాఫ్ స్విచ్చి పెట్టించు, ఐదు పౌన్ల ఏబీసీ మంటలార్పే సిలిండర్ చేతికందేలా బిగించు, పొగ గొట్టం లీకైతే పట్టే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి. 20 గ్యాలన్ల నీళ్ళు 167 పౌన్లు. మురికినీళ్ళ ట్యాంకు మంచినీళ్ళదాని కంటే 15 శాతం పెద్దది ఉండాలి. రెండూ వెనక యాక్సిల్‌కి ముందు, నేలకి ఆనించి కట్టించు. ఎత్తున పెడితే ఈ పొట్టి బండి మలుపులో తూలుతుంది. కౌంటీ ఆరోగ్యశాఖవాళ్ళకి గీసిన ప్లాను చూపించాకే లోపల రంధ్రాలు కొట్టించు.

బండి నచ్చితే డబ్బు కట్టకముందు స్టీరింగ్ బాక్సు చోటు, వెనక బ్రాకెట్లు, టైటిల్ రెండు వైపులా ఫొటోలు తీసి పంపు. ఏ వేళైనా సరే, చూసి ఫోన్ చేస్తాను.

మావయ్య