ఫ్యాక్టరీలో ఇయర్ ప్లగ్స్ పెట్టుకుంటే పక్కవాడి మాట వినపడదు, చెవి దురద. నిజంగా అవసరమా?

అవసరమే. ఎందుకో చెప్పాలంటే ముందు మా బాపు గురించి చెప్పాలి.

మాది సిరిసిల్ల. ఇంటి గోడకు అవతలే సాంచాలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు. చుట్టాలొస్తే ఈ చప్పుడులో ఎట్లా పడుకుంటారని అడిగేవాళ్లు. మాకేమో కరెంటు పోయి సాంచాలు ఆగితేనే మెలకువ వచ్చేది. బాపు ఇరవై ఎనిమిదేళ్లు నడిపాడు, రోజుకు పన్నెండు గంటలు. ఇంటర్ తప్పాక నేనూ నాలుగేళ్లు నడిపాను. నాడెను, అంటే పేక దారం మోసే కండెను, ఈ కొస నుంచి ఆ కొసకు కొట్టే దెబ్బ నిమిషానికి వంద పైనే పడుతుంది, ఒక్క సాంచెకే. షెడ్డులో మాటలుండవు. పెదాలు చూసి అర్థం చేసుకోవడం, చెయ్యి ఊపి పిలవడం. చెవిలో ఎవరైనా ఏదైనా పెట్టుకుంటే అది దూది. దూది దుమ్ముకు పనికొస్తుందేమో గానీ చప్పుడుకు పనికిరాదు.

2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలయ్యాక పని బాగా దొరికింది. డబ్బులొచ్చాయి, ఇంట్లో టీవీ సౌండ్ కూడా ఏడాదికేడాది పెరిగింది. చివరికి అమ్మ పోరు పడలేక బాపును కరీంనగర్ తీసుకెళ్లాను. చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, చేతిలో బటన్ పెట్టారు. ‘కూత వినపడగానే నొక్కండి’ అన్నారు. మొదట రెండు మూడుసార్లు నొక్కాడు. తర్వాత లేదు. బయట అమ్మాయి డయల్ తిప్పుతూనే ఉంది, కాగితం మీద గుర్తులు పెడుతూనే ఉంది. బాపు బటన్ మీద బొటనవేలు ఆనించి, బడిపిల్లాడిలా బుద్ధిగా గోడ చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి నావైపు తిరిగి ఆస్పత్రంతా వినపడేలా అడిగాడు: ‘ఏం రా, మిషిన్ బందైందా?’

ఆ అమ్మాయి నన్నూ కూర్చోమంది. నా కాగితం మీద గీత 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్న కూత దగ్గర, గుంతలో పడి మళ్లీ లేచింది. చప్పుడుకు పోయిన చెవికి అదే గుర్తట. నాలుగేళ్లకే! చెవి లోపల వెంట్రుకల్లాంటి కణాలుంటాయి, అవి పోతే మళ్లీ రావు. పైగా ముందు పోయేవి సన్న శబ్దాలు. ‘స’కూ ‘త’కూ తేడా తెలియదు. మాట వినపడుతుంది, అర్థం కాదు. ఇంట్లోవాళ్లేమో కావాలనే విననట్టు నటిస్తున్నాడంటారు.

ఇప్పుడు నేను ఒక కంపెనీలో రేకులు నొక్కే ప్రెస్ షాపులో మెయింటెనెన్స్ చూస్తాను. మీలాగే మా కుర్రాళ్లూ అంటారు, మాట వినపడదని. నా అనుభవంలో అది సగమే నిజం. అంత చప్పుడులో ప్లగ్ చప్పుడునూ మాటనూ రెండింటినీ తగ్గిస్తుంది కాబట్టి చెవి బాగున్నవాడికి మాట అందుతుంది. అసలు తిరకాసు ఎక్కడంటే, ప్లగ్ పెట్టుకున్నవాడికి తన గొంతు తనకే పెద్దగా వినిపించి మెల్లగా మాట్లాడతాడు. గట్టిగా మాట్లాడమనండి, సరిపోతుంది.

దురదంటారా, గ్రీజు చేతులతో నలిపి పెట్టుకుంటే రాక ఏం చేస్తుంది? చేతులు కడుక్కోండి. ఫోమ్ ప్లగ్‌ను వేళ్లతో సన్నగా పుల్లలా చుట్టి, రెండో చెయ్యి తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి దూర్చాలి. అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో ఆపాలి. సగం బయటికి కనపడుతోందంటే అది చెవికి పెట్టిన బొట్టే. ఒక సైజు పడకపోతే ఇంకోటి అడగండి. మా దగ్గర మాత్రం మార్చి 4న సేఫ్టీ డే నాడు ఫొటోలు తీసి పంచుతారు, మే నెలలో అడిగితే స్టోర్‌లో లేవంటారు.

మధ్యలో తీయొద్దు. చప్పుడును డెసిబెల్స్‌లో కొలుస్తారు. ముప్పై డెసిబెల్స్ ఆపే ప్లగ్‌ను ఎనిమిది గంటల షిఫ్టులో ఒక్క గంట చప్పుడులో తీసి తిరిగితే, రోజు మొత్తానికి దక్కేది తొమ్మిది డెసిబెల్సే. ఫోన్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని ‘ఇదీ ప్లగ్గే కదన్నా’ అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చప్పుడును మించి పాట పెంచుతారు కదరా!

మన దగ్గర రూలు ఎనిమిది గంటలకు 90 డెసిబెల్స్ మించకూడదని. చప్పుడుతో వచ్చే చెవుడును చట్టంలో వృత్తి జబ్బుగానే రాశారు. ఈఎస్ఐలోనూ ఉంది. మీకు కార్డు ఉంటే ఇప్పుడే ఒకసారి పరీక్ష చేయించుకుని కాగితం దాచుకోండి. మా బాపుకు కార్డూ లేదు, కాగితమూ లేదు.

విచిత్రం ఏంటంటే, మెల్లగా మాట్లాడితే వినపడని మనిషికి పెద్ద చప్పుడు మాత్రం సూదిలా గుచ్చుకుంటుంది. మొన్న పక్కవీధి పెళ్లికి డీజే పెడితే బాపు చెవులు మూసుకుని నా దగ్గరికొచ్చి, ‘మీ కంపెనోళ్లు ఇచ్చే ఆ పసుపువి ఉన్నయా?’ అన్నాడు. జేబులోంచి తీసి ఒక జత ఇచ్చాను. రెండూ సగం బయటికే పెట్టుకున్నాడు.