హారికా, నీ ఎక్సెల్ చూశాక

చిరంజీవి హారికకు అత్త ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

ఉద్యోగం మానేసి ఉదయగిరి కోట మీద గేమ్ చేయబోతున్నావనీ, దానికి డబ్బు జనం దగ్గర ముందే వసూలు చేస్తావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వాడి గొంతులో భయం ఎంతుందో గర్వమూ అంతే ఉంది. నా సంగతీ అదే. ఆ కొండ సగం ఎక్కి, ఇక నా వల్ల కాదని చతికిలబడి ఏడ్చిన పిల్లవి, ఇప్పుడు ఊరూపేరూ తెలియని వాళ్ళందరినీ ఆ కోట ఎక్కిస్తానంటున్నావు. చెయ్యి తల్లీ. కానీ వాడు వాట్సాప్‌లో పంపిన నీ ఎక్సెల్ చూశాక నాకు నిద్ర పట్టలేదు. బ్యాంకులో లెక్కలు రాసి రిటైరైన దాన్ని, ఊరుకోలేను.

చిన్నవి ముందు చెప్పేస్తాను. గేమ్ డబ్బుకి వేరే ఖాతా తెరువు. ప్రతి బిల్లూ దాచు. వసూలు మార్చి 31కి ముందు పడి ఖర్చు ఏప్రిల్ తర్వాత అయ్యేటట్టుంటే పన్ను సంగతీ జీఎస్టీ సంగతీ ఆడిటరుని ఇప్పుడే అడుగు, వచ్చాక కాదు. ఆడి చూడ్డానికి డెమో లేకుండా ఎవర్నీ డబ్బు అడగకు. జనం దగ్గర ముందే డబ్బు వసూలు చేసే కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్‌లో మన దేశంలో ఉండేవాళ్ళు నేరుగా ప్రాజెక్టు పెట్టే వీల్లేదు కాబట్టి లండన్‌లో ఉన్న నీ ఫ్రెండ్ పేరు మీద పెడతానన్నావు. ఆ డబ్బు పడేది ఆ అమ్మాయి ఖాతాలో, పన్ను వాళ్ళు అడిగేదీ ఆ అమ్మాయినే. ఎంత ప్రాణస్నేహితురాలైనా సరే, కాగితం రాసుకోండి.

ఇక నీ లెక్క. 15 లక్షలు అడుగుతావు. కిక్‌స్టార్టర్ వాళ్ళ కమిషన్ 5 శాతం, కార్డుల ఖర్చు ఇంకో 3 శాతం పైచిలుకు. అక్కడే 1 లక్షా 20 వేలు పోయింది. టీషర్టులు, పోస్టర్లు, బొమ్మల పుస్తకం, కొరియర్ కలిపి 3 లక్షలని నువ్వే రాశావు. మిగిలింది 10 లక్షల 80 వేలు. నువ్వూ, బొమ్మలు వేసే ఆ అబ్బాయీ తలా 30 వేలతో బెంగళూరులో ఎట్టాగో బతికినా, అది 18 నెలలకి సరి. నువ్వు రాసుకున్నది 24 నెలలు. మిగతా ఆరు నెలలు ఏం తింటారు? సంగీతానికీ, టెస్టింగ్‌కీ ఎక్కడి నుంచి తెస్తారు? టీషర్టుల సైజులు కూడా ఎస్, ఎమ్, ఎల్ అని విడివిడిగా రాసిన దానివి, నీ అద్దెకీ తిండికీ ఒక్క వరస పెట్టలేదేందే!

మీ మామయ్య ప్రెస్సు గురించి నీకు తెలిసింది తక్కువ. నువ్వు చూసేనాటికి పెళ్ళికార్డులూ బిల్లు బుక్కులూ కొట్టుకునే ప్రెస్సు అది. అంతకు ముందు ఆయనకో పిచ్చి ఉండేది, జిల్లాలోని కోటలూ గుళ్ళూ ఫోటోలతో ఒక పుస్తకం తేవాలని. చేతిలో డబ్బు లేదు. ముందే కట్టినవాళ్ళకి 60 రూపాయలు, అచ్చయ్యాక 100 అని కరపత్రం వేశాడు. మనియార్డర్లు మొదలయ్యాయి. అయ్యవార్లు, ప్లీడర్లు, కావలి నుంచి, ఆత్మకూరు నుంచి. కూపన్ మీద 'మా ఊరి గుడి వేస్తున్నారా?' అని రెండు ముక్కలు రాసేవాళ్ళు. ఆ కూపన్లన్నీ ఊరి వారీగా దబ్బనంతో దారానికి గుచ్చి పెట్టేదాన్ని నేనే.

డబ్బు కనపడేసరికి ఆయన చెయ్యి ఆగలేదు. అందులోంచి సెకండ్‌హ్యాండ్ కటింగ్ మిషను కొన్నాడు. మిషను ఎక్కడికి పోతుంది, మన దగ్గరే ఉంటుందిగా అన్నాడు. ఉంది, నిజమే. కాగితం కొనాల్సిన రోజున మాత్రం చేతిలో రొక్కం లేదు, ఈలోపు రీము ధర పెరిగింది. అది చాలదన్నట్టు, చందాలు బాగా వస్తున్నాయన్న హుషారులో రెండో కరపత్రం వేశాడు. కాలికో గుడ్డ బైండింగు ఇస్తామన్నాడు, రంగుల మ్యాపు ఇస్తామన్నాడు, చివరి పేజీల్లో అందరి పేర్లూ వేస్తామన్నాడు. అడిగిందెవరు? ఎవరూ అడగలేదు. మ్యాపు గీస్తానన్న డ్రాయింగు మాస్టారు ఏడాది తిప్పాడు. పేర్ల దగ్గర ఇంటిపేర్లు తప్పు పడితే ఒక ఫారం, అంటే ఒకేసారి అచ్చయ్యే పేజీలన్నీ, మళ్ళీ కొట్టాల్సి వచ్చింది.

ఆ రోజుల్లో ట్రంకు రోడ్డు మీదికి పోవాలంటే ఆయనకి టెన్షన్. పల్లెత్తు మాట అన్నవాళ్ళు లేరు. 'ఏం సార్, పుస్తకం ఎందాకా వచ్చింది?' అని మర్యాదగానే అడిగేవాళ్ళు. దానికే ఈయన సందుల్లోంచి నడిచేవాడు, కూరగాయలకి కూడా నన్నే పంపేవాడు. చివరికి ఎలక్షన్ల కరపత్రాలు కొట్టిన డబ్బుతో కాగితం కొని పుస్తకం తెచ్చాడు. చందాదారులందరికీ పోస్టులో పంపాం. మిగిలిన కాపీలు వందకి అమ్మి లాభం చూద్దామనుకున్నాడు. అవి అటకెక్కాయి. ఆ పుస్తకం కావాలనుకున్న వాళ్ళంతా ముందే 60కి కొనేశారు మరి!

నీ ఎక్సెల్‌లోనూ అదే ఉంది చూడు. రిలీజయ్యాక అమ్మకాలు అన్నచోట, ముందే కట్టే మూడు వేల మందిని మళ్ళీ కలిపేశావు. వాళ్ళు రెండోసారి కొనరు. కొత్తవాళ్ళు కొన్నా, ఆన్‌లైన్లో గేమ్‌లు అమ్మే స్టీమ్ వాడు 30 శాతం పట్టుకుంటాడు. రెండు గంటల లోపే ఆడి, 14 రోజుల్లో వెనక్కిస్తే డబ్బు తిరిగిచ్చేస్తాడు కూడా. ఆ వరస సగానికి కొట్టెయ్.

పెద్దవాళ్ళకే తప్పలేదు. 2012లో డబుల్ ఫైన్ అనే అమెరికా కంపెనీ 4 లక్షల డాలర్లు అడిగితే 33 లక్షలు వచ్చాయి. డబ్బుతో పాటు గేమ్ కూడా పెరిగి, అంతా ఖర్చయినా పూర్తి కాలేదు. బ్రోకెన్ ఏజ్ అనే ఆ గేమ్‌ని రెండు ముక్కలు చేసి ఒకటి 2014లో, రెండోది 2015లో ఇచ్చారు. షవల్ నైట్ అనే గేమ్ వాళ్ళు 75 వేల డాలర్లు అడిగితే 3 లక్షల పైన వచ్చాయి. గేమ్ 2014లోనే వచ్చింది, అడిగిన దానికి మించి డబ్బు వస్తే స్ట్రెచ్ గోల్స్ అని ఊరికే ఇస్తామన్నవి మాత్రం 2019 డిసెంబరు దాకా సాగాయి. వాళ్ళ గేమ్ బాగా అమ్ముడుపోయింది కాబట్టి తట్టుకున్నారు. నీ స్ట్రెచ్ గోల్స్ షీటు నేను డిలీట్ చేశాను, వెతుక్కోకు.

అనుకున్న మొత్తం రాకపోతే పరువు పోతుందని మీ నాన్న భయం. నాకు ఆ భయం లేదు. పుణె వాళ్ళ రాజీ గేమ్‌కి 2017లో కిక్‌స్టార్టర్‌లో అడిగినంత రాలేదు. అక్కడ పూర్తిగా రాకపోతే ఎవరి జేబులోంచీ పైసా పోదు. 2020లో ఆ గేమ్ వచ్చింది కదా. నాకు భయమల్లా వసూలు సగంలో ఆగితే మీ నాన్న చేసే పని గురించే. ఆఖరి రోజు లోటు పూడ్చడానికి మీ నాన్న కావలి స్థలం అమ్మి వేరే పేరుతో కడతాడు, వాణ్ణి నేనెరుగుదును. అట్టా చేస్తే గేమ్‌కి చాలదు, స్థలమూ ఉండదు. ఆ మాట వాడికి నువ్వే చెప్పు. నేను చెబితే ఆడపడుచు పెత్తనం అని మీ అమ్మ అనుకుంటుంది.

మనవాళ్ళని పెళ్ళి చదివింపుల్లాగా అడగొద్దు. ఇష్టమున్నవాళ్ళు కడతారు. నేను మొదటి రోజే కడతాను, మీ బావ కార్డు మీద. టీషర్టు వద్దు, అసలు ఎవరికీ వద్దు. పేరు వేస్తే మీ మామయ్య పేరు వెయ్యి, ఇంటిపేరు స్పెల్లింగ్ నన్నడిగి వెయ్యి.

వసూళ్ళు మొదలెట్టే ముందే స్టీమ్‌లో పేజీ పెట్టుకో, దానికి వంద డాలర్లే. కొనాలని ఎంతమంది విష్‌లిస్టులో వేసుకున్నారో చూశాక ఎంత అడగాలో తేలుద్ది. అప్పటిదాకా జీతం మానకు. ఎక్సెల్ సరిచేసి ఆదివారం లోపల పంపు, పీడీఎఫ్ కాదు. ఫార్ములాలు కనపడాలి నాకు.

మీ అత్త
నెల్లూరు